గోధుమ పడనివారి చరిత్రము



మన భాషలో "పడదు" అను నొక చిన్న మాట కలదు. "వానికి వంకాయ పడదు", "ఆమెకు ఆ యూరి నీరు పడలేదు" అని మనము దినమునకు పదిమారులు అనుచుందుము. ఆ మాటలో కోపము లేదు, నింద లేదు. ఆ వస్తువునకును ఈ శరీరమునకును పొత్తు కుదరలేదని మాత్రమే దాని యర్థము. అయితే ఆ మాటను వినుట వేరు, నమ్ముట వేరు. పిల్లవాడు పలికినచో మారామనియు, కోడలు పలికినచో నాజూకనియు తలచి త్రోసివేయుదుము. అట్లు త్రోసివేయబడిన "పడదు" అను మాట వెనుక దాగియున్న యొక వ్యాధి చరిత్రమును నేడు మీకు మనవి చేయుదును. దానికి సీలియక్ వ్యాధి యని పేరు. గోధుమలయందును, యవలయందును, వానికి జ్ఞాతియైన రై అను ధాన్యమునందును గల యొక జిగురుపదార్థము కొందరి ప్రేవులకు శత్రువగుటయే ఆ వ్యాధికి మూలము. ఈ సంగతి తెలియుటకు లోకమునకు ఇంచుమించు రెండువేల యేండ్లు పట్టినది.

చరిత్రమునకు ముందు నా తప్పు నొకటి చెప్పుకొందును. నా చెల్లెలి మనుమరాలు తండ్రి యుద్యోగమువలన ఢిల్లీ నగరమున పెరిగినది. రెండవ యేడు దాటినది మొదలుకొని ఆ బిడ్డకు తెరపిలేని విరేచనములు, ఉబ్బిన పొట్ట, పుల్లలవంటి కాళ్లుచేతులు. వేసవి సెలవులకు మా యూరు వచ్చి, రెండునెలలు వరియన్నము, మజ్జిగ తిని తేరుకొనెడిది. తిరిగి వెళ్లిన నెలకే చిక్కిపోయెడిది. "ఢిల్లీ నీరు పడలేదు" అని పెద్దలమందరము తీర్పు చెప్పితిమి. ఆ తీర్పు చెప్పినవారిలో నేనే ముందు. దోషము నీటిది కాదు, దినదినము తిను గోధుమరొట్టెదని ఆ పిల్ల ఆరవయేట వైద్యులు తేల్చిరి.

మరుసటి యేడు మా యింట సత్యనారాయణ వ్రతము జరిగినది. గోధుమనూకతో చేసిన ప్రసాదమును నేను చేతిలో పెట్టగా, ఆ పిల్ల వెనుకకు జరిగి, "తాతగారూ, ఇది నాకు పడదు. అమ్మ తినవద్దన్నది" అనెను. ప్రసాదమును విడిచి పరుగెత్తి పతిని పోగొట్టుకొన్న కళావతి కథను అంతకు గడియ ముందే చదివి వినిపించినవాడను నేను. "స్వామి ప్రసాదము పడకపోవుట యేమి తల్లీ? చిటికెడు తినుము, ఏమియు కాదు" అని బలవంతముగా తినిపించితిని. ఆ రాత్రి మొదలుకొని మూడుదినములు ఆ బిడ్డ వాంతులతోను, కడుపునొప్పితోను పడిన బాధను నేను మంచముప్రక్కన కూర్చుండి చూచితిని. నలువది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను, ఒక పిల్ల నాకు చెప్పిన పాఠమును వినలేకపోతిని. ఆ సిగ్గే నన్ను ఈ వ్యాధి చరిత్రమును చదువుటకు పురికొల్పినది.

ఇక చరిత్రమునకు వత్తము. నేడు తురుష్కదేశమున చేరియున్న కప్పదోకియా అను సీమయందు, క్రీస్తుశకము మొదటి లేక రెండవ శతాబ్దమున అరెటేయస్ అను గ్రీకు వైద్యుడుండెను. తిన్న యన్నము జీర్ణము గాక వెలికిపోవుట, శరీరము శుష్కించుట, వ్యాధి పోయినట్లే పోయి మరల తిరుగబెట్టుట అను లక్షణములను అతడు గ్రంథస్థము చేసెను. గ్రీకుభాషలో ఉదరమును "కొయిలియా" అందురు. ఆ శబ్దమునుండియే ఈ వ్యాధికి పేరు వచ్చినది. జఠరమునందలి ఉష్ణము తగ్గుటచేత అన్నము పక్వము కాదని అతని మతము. మన చరకసంహిత చికిత్సాస్థానమునందు పదునైదవ యధ్యాయము గ్రహణీరోగమును గూర్చినది. గ్రహణి యనునది జఠరాగ్నికి స్థానమనియు, పక్వము కాని యన్నమును పట్టియుంచి పక్వమైనదానిని విడుచుననియు, అగ్ని మందగించినపుడు ఆ పట్టు చెడుననియు అచట చెప్పబడినది. ఎచటి కప్పదోకియా, ఎచటి భరతఖండము! రోగి మంచముకడ కూర్చుండి ఓపికతో చూచిన ఇరువురకును ఒకే రూపము కనబడినది.

అయినను ఒక్కమాట. గ్రహణి యన్నదెల్ల సీలియక్ వ్యాధియే యని నేను చెప్పుటలేదు. ఆ పేరు క్రింద అనేక వ్యాధులు చేరును. మనవారికి అంతయు ముందే తెలియునని చాటుకొనుట నాకు సమ్మతము కాదు. ఆ ప్రాచీనులు రోగమును చూచిరి. రోగకారణమైన ధాన్యమును ఇరువురును పట్టుకొనలేదు. కారణము కంచములోనే యుండెను.

పిమ్మట పదునేడువందల యేండ్లకు పైగా ఈ విషయమున చెప్పదగిన వృద్ధి లేదు. అరెటేయస్ గ్రంథమును ఫ్రాన్సిస్ ఆడమ్స్ అను వైద్యుడు ఆంగ్లమున అనువదింపగా అది 1856లో వెలువడినది. అటుపిమ్మట 1887 అక్టోబరు మాసమున లండన్ నగరములోని గ్రేట్ ఆర్మండ్ వీథి పిల్లల ఆసుపత్రియందు సామ్యుయేల్ గీ అను వైద్యుడు ఈ వ్యాధిని గూర్చి ఉపన్యసించెను. మరుసటి యేడు 1888లో ఆ యుపన్యాసము అచ్చయ్యెను. ఏ వయస్సువారికైనను ఇది రావచ్చుననియు, ఒకటి మొదలు అయిదేండ్లలోపు పిల్లలకు విశేషముగా వచ్చుననియు, అట్టివారిలో కొందరు మరణింతురనియు అతడు చెప్పెను. ఔషధములవలన గాక పథ్యమువలననే ఈ వ్యాధికి మేలు కలుగవలెనని కనిపెట్టుట అతని ఘనత.

అయితే ఏది పథ్యము? వరియన్నము వింటే మీకు ఆశ్చర్యము కలుగగలదు. పిండిపదార్థము హెచ్చుగా నుండుటచేత వరియన్నమును, సగ్గుబియ్యమును పనికిరావని గీ నిషేధించెను. పలుచగా కోసి రెండుప్రక్కల బాగుగా కాల్చిన గోధుమరొట్టెయు, మొలకెత్తించిన ధాన్యపు పిండితో చేసిన యాహారమును మేలని విధించెను. అనగా అమృతమును త్రోసివేసి విషమును చిన్న తునకలుగా చేసి పెట్టెనన్నమాట. అతడు మూర్ఖుడు కాడు, ఆ కాలమున మేటి వైద్యుడు. పథ్యమున నున్నదని గుర్తించియు, పథ్యములో ఏది మిత్రుడో ఏది శత్రువో తారుమారు చేసికొనెను. సత్యమునకు గడపదాక వచ్చి లోపలికి అడుగు పెట్టలేకపోవుట పండితులకు క్రొత్త కాదు.

అతడే యొక విచిత్రము వ్రాసియుంచెను. ఒక బిడ్డకు హాలెండుదేశపు సముద్రపు ఆల్చిప్పలలోని మాంసమును దినమునకు సేరునకు మించి తినిపింపగా, ఆ ఋతువంతయు బిడ్డ చక్కగా పుష్టి చెందెనట. ఆ ఋతువు గడచి అవి దొరకకపోగానే వ్యాధి తిరుగబెట్టినదట. మరుసటి యేడు ఆ బిడ్డ వానిని ముట్టనే లేదట! అంత మాంసముతో కడుపు నిండిన బిడ్డ రొట్టె నెంత తినియుండును? ఆ ప్రశ్న అప్పుడు ఎవరికిని తోచలేదు.

పిమ్మట అమెరికాదేశమున, న్యూయార్కు నగరములో సిడ్నీ హాస్ అను పిల్లల వైద్యుడు అరటిపండును చేపట్టెను. పోర్టోరికో ద్వీపమున రొట్టె విశేషముగా తిను పట్టణవాసులకు గ్రహణివంటి వ్యాధి వచ్చుచుండగా, అరటిపండ్లతో జీవించు కర్షకులకు రాకుండుట అతని చెవిని బడెను. 1924లో పదిమంది పిల్లల వృత్తాంతమును అతడు ప్రకటించెను. అరటిపండ్ల పథ్యము నాచరించిన యెనమండుగురు కోలుకొనిరి. ఆచరింపని యిద్దరు మరణించిరి. ఆ పథ్యముచే తరువాతి సంవత్సరములలో ఎందరో బిడ్డలు బ్రతికి బట్టకట్టిరి. కాని బ్రతికించినది అరటిపండులోని మహిమ కాదు, అరటిపండు తినుచున్నంతకాలము రొట్టె తినకుండుటయే. హాస్ దీనిని గ్రహింపక పిండిపదార్థమే దోషమనియు, కొంతకాలమునకు వ్యాధి సంపూర్ణముగా పోవుననియు నమ్మెను. పోయినదనుకొని రొట్టెకు మరలినవారికి లోపలి హాని లోపలనే సాగినది. సగము నిజము ప్రాణము నిలిపినది, తక్కిన సగము తెలియకపోవుట ముప్పు తెచ్చినది.

నిజమును నిండుగా పట్టుకొన్నవాడు హాలెండుదేశపు వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. ఇతడు 1905లో జన్మించెను. ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున, 1936లో, హేగ్ నగరమునందలి జూలియానా పిల్లల ఆసుపత్రికి అధ్యక్షుడయ్యెను. ఆ దినములలో ఒక పసిబిడ్డ తల్లి యతనితో, రొట్టె మాన్పించినపుడెల్ల తన బిడ్డకు నెమ్మదించుచున్నదని చెప్పెనట. ఆ తల్లి యెవరో, ఆమె పేరేమో చరిత్రమున లేదు. కాని అయ్యలారా, గీ పండితునికి తోచనిది, హాస్ పండితునికి చిక్కనిది, ఆ తల్లికి తన వంటయింట కనబడినది. డికె గొప్పతనమేమనగా, అతడా మాటను త్రోసివేయలేదు. కొందరు పిల్లలకు గోధుమలు పూర్తిగా మాన్పించి, మరల పెట్టి, మరల మాన్పించి, వారి బరువును పెరుగుదలను సంవత్సరముల తరబడి లెక్కవ్రాసికొనెను. గోధుమలేని పథ్యమును గూర్చి 1941లో తన దేశపు వైద్యపత్రికయందు ప్రకటించెను. యుద్ధకాలమగుటచేతను, వ్రాసినది డచ్చిభాషయగుటచేతను లోకము దానిని లక్ష్యపెట్టలేదు.

అంతట ఘోరమైన పరీక్ష వచ్చినది. 1944 సెప్టెంబరులో హాలెండు రైలు ఉద్యోగులు జర్మనులకు విరోధముగా సమ్మె చేసిరి. అందుకు ప్రతీకారముగా జర్మనులు దేశపు పడమటి భాగమునకు ఆహారము పోకుండ నిలిపివేసిరి. కాలువలు గడ్డకట్టి పడవలు నిలిచిపోయెను. 1945 మే మాసమున విముక్తి కలుగుదాక ఆ ప్రజలు తులిపుపూల దుంపలను, చక్కెరదుంపలను ఉడుకబెట్టుకొని తినిరి. ఇంచుమించు 20,000 మంది మరణించిరి. ఆ దేశస్థులు దానిని "ఆకలి చలికాలము" అని నేటికిని తలచుకొందురు. దేశమంతయు శుష్కించుచున్న ఆ నెలలలో, డికె ఆసుపత్రియందలి సీలియక్ బిడ్డలు మాత్రము తేరుకొనిరి! రొట్టె లేకపోవుటయే వారికి మందైనది. విముక్తి కలిగి తెల్లని గోధుమరొట్టె దేశమునకు మరల రాగా, ఇతరులు ఆనందముతో తినుచుండ ఆ బిడ్డలు మరల జబ్బుపడిరి.

ఈ యాకలి చలికాలమే డికెకు ఈ సత్యమును తెలిపినదని పలువురు చెప్పుదురు. అది సరికాదు. అతని యూహ అంతకు ఎనిమిదేండ్ల ముందుది, అతని వ్రాత అంతకు మూడేండ్ల ముందుది. కరవు ఆ యూహకు సాక్ష్యము పలికినది. కథలో కరవు పెద్దదిగా కనబడుటచేత తల్లి మాటయు, వైద్యుని యోపికయు మరుగుపడిపోయినవి. అందువలననే ఈ భేదమును ప్రత్యేకముగా చెప్పితిని.

యుద్ధానంతరము డికె ఊట్రెక్ట్ నగరమున వేయ్జెర్స్ అను వైద్యునితోను, వాన్ డె కామర్ అను రసాయనశాస్త్రజ్ఞునితోను కలసి పనిచేసెను. బిడ్డ తిన్న క్రొవ్వులో ఎంత మలముతో వెలికిపోవుచున్నదో కొలుచు పద్ధతిని ఆ రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. గోధుమ పెట్టినపుడు వెలికిపోవు క్రొవ్వు పెరుగుటయు, మాన్పినపుడు తగ్గుటయు తూకముతో ఋజువయ్యెను. 1950లో డికె తన సిద్ధాంతగ్రంథమును ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించెను.

గోధుమలో దోషమేది? దీనిని మీ యింటనే చూడవచ్చును. గోధుమపిండిని ముద్దచేసి, నీటిలో పిసుకుచు కడిగినచో, తెల్లని గంజి నీటిలో కలిసిపోవును. చేతిలో బంకవలె సాగు ముద్ద మిగులును. ఇటలీదేశమున బొలోన్యా నగరపు పండితుడు బెక్కారి ఈ ముద్దను వేరుచేసి 1728లో చూపెను, అది 1745లో అచ్చయ్యెను. దానికి గ్లూటెన్ అని పేరు. లాటిను భాషలో ఆ శబ్దమునకు జిగురని యర్థము. రొట్టె పొంగుటకును, చపాతి చినుగక సాగుటకును ఆ జిగురే కారణము. 1952లో ఇంగ్లండుదేశపు బర్మింగ్‌హామ్ వైద్యులు కడిగిన గంజిని బిడ్డలకు వేరుగా పెట్టి చూచిరి, హాని లేదు. జిగురును వేరుగా పెట్టి చూచిరి, వ్యాధి తిరుగబెట్టినది. దొంగ దొరికెను. గంజిని, వరిని, సగ్గుబియ్యమును అరువది యేండ్లకు పైగా నిందించితిమి, అవి నిరపరాధులు.

ఆ జిగురు లోపల చేయు పని యేమి? మన చిన్నప్రేవు లోపలిప్రక్క నున్నగా నుండదు. తువాలుమీది నూలుపోగులవలె లక్షలకొలది సన్నని మొలకలు దానియందు నిండియుండును. అన్నసారమును పీల్చునవి అవియే. సీలియక్ వ్యాధి కలవారి శరీరము గ్లూటెనును శత్రువుగా భావించి దానిపై దండెత్తును, ఆ పోరాటములో తన ప్రేవునే గాయపరచుకొనును. మొలకలు నశించి ప్రేవు నారు పీకిన మడివలె చదునైపోవును. అటుపిమ్మట పాలు పోసినను నేయి పోసినను ఒంటబట్టదు. శస్త్రచికిత్సలో దొరికిన ప్రేవు తునకలయందు ఈ గాయమును పాలీ అను ఆంగ్లవైద్యుడు 1954లో వర్ణించెను. శస్త్రము లేకయే గొంతుగుండ సన్నని గొట్టమును, చిన్న గుళికను దింపి తునక తీయు పద్ధతులు 1956, 1957 సంవత్సరములలో ఏర్పడెను. శరీరము పొరబడి తనయందలి యే పదార్థముపై దండెత్తుచున్నదో 1997లో జర్మనుదేశపు పరిశోధకులు కనుగొనిరి. దానివలన రక్తపరీక్షతోనే వ్యాధిని అనుమానించుట సులభమైనది. ఇది వంశమున దిగు స్వభావముగల వ్యాధి. అంటువ్యాధి కాదు, పాపఫలము అంతకన్న కాదు.

ఇంతవరకును పరదేశముల మాట. మన దేశమున ఈ వ్యాధి లేదని వైద్యులు సైతము చాలకాలము తలంచిరి. ఉత్తరదేశపు బిడ్డలలో ఇది కలదని 1966లో ఢిల్లీ వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు ప్రకటించిరి. 2016లో అచ్చయిన యొక పరిశోధనమునందు దేశమున మూడు ప్రాంతముల పెద్దవారు 23,331 మందిని పరీక్షించిరి. పదివేలమందిలో ఉత్తరమున 123 మందికి, ఈశాన్యమున 87 మందికి, దక్షిణమున 10 మందికి రక్తమునందు ఈ వ్యాధి గురుతులు కనబడెను. వ్యాధికి చోటిచ్చు వంశలక్షణము మాత్రము ఉత్తరమునందును దక్షిణమునందును ఇంచుమించు సమానము, మూడవవంతు జనమునకు పైగా కలదు. ఉత్తరమున దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా, దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినుచుండిరి. ఈశాన్యమున గోధుమ తక్కువగానే తినినను వ్యాధి దక్షిణమున నున్నంత తక్కువ కాలేదు గనుక, ఇందు గోధుమ పరిమాణ మొక్కటియే కారణమని చెప్పరాదు. అయినను మన తాతముత్తాతలను చాలవరకు కాపాడినవి వరియన్నము, జొన్నసంకటి, రాగిముద్ద, కొఱ్ఱలు, సామలు, అరికలు అని తలంచుట అసంగతము కాదు. వీనిలో నేదియందును ఆ జిగురు లేదు.

నేడు మన కంచము మారినది. మధుమేహమునకు మంచిదని రాత్రిపూట అన్నము మాని చపాతీ తినుచున్నాము. ఉదయమున బొంబాయిరవ్వ ఉప్మా, పిల్లలకు సేమియా, బిస్కత్తులు, పెండ్లిలో పూరీలు, బొబ్బట్లు. తినుట తప్పని నేననను. గోధుమ సరిపడినవారికి మంచి యాహారము. లోకమున వందమందిలో తొంబదితొమ్మండ్రకు దానిని మానవలసిన పని లేదు. మిగిలిన ఆ యొక్కరు మన యూరిలోనే యుండవచ్చునని మాత్రము మనము ఎరుగవలెను. ఇందుకై పెద్దలు గుర్తుంచుకొనదగిన విషయములను కొన్నింటిని మనవి చేయుదును.

మొదటిది, అనుమానించుట. నెలలతరబడి విరేచనములు, ఉబ్బిన పొట్ట, ఎదుగని బిడ్డ, ఎన్ని మాత్రలు వేసినను తగ్గని రక్తహీనత, ఎముకల నొప్పి, ఈడు వచ్చినను పుష్పవతి కాని పిల్ల, పదేపదే గర్భస్రావములు. ఇవి అన్నియు సీలియక్ వ్యాధివలననే వచ్చునని కాదు. కొందరియందు దానివలన వచ్చును. గొడ్రాలని మనము పేరు పెట్టిన యిల్లాలి కడుపును శపించినది దైవమో, దినదినము తిను రొట్టెయో యెవరు చూచిరి? పరీక్ష చేయింపక నింద వేయుట పెద్దరికము కాదు.

రెండవది, పరీక్షకు ముందు గోధుమ మాన్పింపరాదు. మాన్పినచో రక్తమునందలి గురుతులు తగ్గి, ప్రేవు మానుచుండుటచేత, వ్యాధి యున్నను లేనట్లు కనబడవచ్చును. మొదట వైద్యుని యొద్దకు, పిమ్మట పథ్యమునకు. మూడవది, వ్యాధి తేలినపిమ్మట పథ్యము జీవితాంతము. దీనిని నయముచేయు మందు నేటివరకు లేదు. పథ్యము తప్పనివారికి మాత్రము ప్రేవునందలి మొలకలు మెల్లగా తిరిగి లేచును. బిడ్డ యెదుగును.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. "చిటికెడు తినిన ఏమగును?" అనరాదు. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడునెలలు తినినను ప్రేవు దెబ్బతినవచ్చునని 2007లో అచ్చయిన ఇటలీదేశపు పరిశోధన తెలుపుచున్నది. అది చిటికెడు పిండిలో నుండును. గ్లూటెన్ రహితమని అమ్ము ఆహారమున అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. కావున గోధుమలు విసరిన మరలోనే బియ్యపుపిండి పట్టించినచో ఆ బియ్యపుపిండియు చెడినట్లే. అట్టివారికి పిండి ఇంట రోటనో, వేరు మరలోనో పట్టవలెను. అంగడి యింగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు గనుక పులిహోరయు చారును గూడ చూచి పెట్టవలెను. జబ్బుపడినవారికి మనము ప్రేమతో కాచి యిచ్చు బార్లీజావ యవలతోనే చేసినది. అది వీరికి మందు గాదు, మరల గాయము. అరిసెలు, సున్నుండలు, జొన్నరొట్టె, ఇడ్లీ వీరికి ఏ జంకును లేక పెట్టవచ్చును. మన వంటయిల్లు ఈ విషయమున ఐరోపా వంటయింటికన్న ధనవంతమైనది.

ఇక మా యింటి కథను ముగింతును. ఆ పిల్ల కోలుకొని లేచినపిమ్మట నేను వ్రతకల్పపు పుస్తకమును మరల తెరచి చూచితిని. ఎన్ని పర్యాయములు చదివినవాడను! ప్రసాదమునకు గోధుమపిండి చెప్పబడినచోటనే, ఆ వెంటనే, అది లేనియెడల వరిపిండితో చేయవచ్చునని యుండెను. నలువది యేండ్లు నోట పలికితిని గాని చెవికి చేరలేదు. శాస్త్రము త్రోవ విడిచియే యున్నది. మూసినవాడను నేను.

ఆ మరుసటి యేడు మా యింట వరినూకతో ప్రసాదము చేయించితిమి. గోధుమ తగులని క్రొత్త గిన్నెలో వండి, అందరకంటె ముందుగా ఆ పిల్లచేతిలో పెట్టితిని. తినుటకు ముందు అది నా ముఖముకేసి చూచి, "తాతగారూ, ఇది పడునా?" అని యడిగినది. "పడును తల్లీ, నేనే దగ్గరనుండి చేయించితిని" అంటిని. తినినది. ఏ బాధయు కలుగలేదు.

హాలెండులో ఒక తల్లి మాటను ఒక వైద్యుడు విన్నందున లోకమునందలి లక్షలమంది బిడ్డలకు ప్రాణము నిలిచినది. మన యూళ్లలో ఎవరైన "ఇది నాకు పడదు" అన్నచో, నవ్వుటకు ముందు ఒక్కక్షణమాగి, "ఎన్నాళ్లనుండి?" అని అడుగుడు. అంతకన్న నేను కోరునది లేదు. సెలవు.